ఏడు గుర్రాల మోటారు

తొమ్మిదో భాగం

గద్వాల స్టేషనులో రైలు దిగిన ముగ్గురిని పోయిన వారం ప్లాట్‌ఫారం మీదే వదిలిపెట్టాం. ముందు నడుస్తున్నది ఎస్తేరమ్మ, వనపర్తి ఆడవాళ్ళ దవాఖానలో మంత్రసాని. ముప్పై ఆరేళ్ళ మనిషి. ఊరవతలి వాడలో పుట్టి, మిషను బడిలో చదివి, పద్నాలుగేళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళలో కాన్పులు చేస్తున్నది. ఆమె వెనక తమ్ముడు సామ్యూల్. కూలికని బొంబాయి పోయి, మోటారు కార్ఖానాలో పని నేర్చి, ఎనిమిదేళ్ళ తర్వాత ఇంటికి వచ్చినవాడు. అందరికంటే వెనక, నడుముకు కట్టుకున్న పైసల సంచిని చేత్తో అదిమిపట్టుకొని పెద్దమందడి రైతు కురుమూర్తి.

రెండు నెలల కింద కురుమూర్తి కూతురు బాలనాగమ్మ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు పడుతుండగా ఎడ్లబండిలో వనపర్తి దవాఖానకు తీసుకుపోయారు. తొమ్మిది మైళ్ళ దారి. బండి దవాఖాన ముందు ఆగేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ లేరు. ఆ దుఃఖంలోనుంచి లేచి కురుమూర్తి ఏడూళ్ళు తిరిగాడు. రైతుల దగ్గర చందాలు పోగుచేశాడు. దవాఖానకు ఒక మోటారు కొనాలని పట్టుబట్టాడు. యుద్ధం మొదలైన దగ్గరనుంచి కొత్త బండ్లు రావడం లేదు. గద్వాలలో రెండు పాత బండ్లు అమ్మకానికి ఉన్నాయని తెలిసి ముగ్గురూ రైలెక్కారు.

ఎక్కువ వ్యవధి లేదు. మృగశిర కార్తె ముంగిట్లో ఉంది. కృష్ణలో నీళ్ళు పెరిగితే బీచుపల్లి రేవులో బల్లకట్టు ఆగిపోతుంది. ఆగిందంటే దసరా దాటేదాకా ఇవతలి మోటారు అవతలి వనపర్తికి చేరదు. ఇవాళ ఎంచుకోవాలి, రేపు దాటించాలి.

* * *

మొదటి బండి ఒక దొరగారి షెడ్డులో ఉంది. అమ్మకం పని గుమాస్తా గుండప్పది. తెల్లని ధోవతి, చెవి వెనక పెన్సిలు, నోటినిండా తాంబూలం.

"రాండ్రి, రాండ్రి. మీ కోసమే పొద్దుగాల్నుంచి కూసున్న," అంటూ ఆయన షెడ్డు తలుపులు బార్లా తెరిచాడు.

ఎనిమిది సిలిండర్ల అమెరికా బండి. నల్ల రంగు మీద ఎండ తళతళలాడింది. ముందు దీపాలు ఒక్కొక్కటి బిందె మూతంత ఉన్నాయి. వెనక సీటు మంచమంత ఉంది. గుండప్ప తలుపు తెరిచి పట్టుకున్నాడు. కురుమూర్తి లోపల కూర్చోలేదు. వంగి, సీటును ఈ కొసనుంచి ఆ కొసదాకా అరచేత్తో నిమిరాడు.

"మనిషి కాళ్ళు సాపుకొని పండుకోవచ్చు," అన్నాడు తనలో తాను.

సామ్యూల్ తలుపు దగ్గరికి పోనేలేదు. తిన్నగా ముందుకు పోయి ఇంజను మూత మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు.

"పొద్దుగాల యాడికన్న పోయొచ్చిన్రా సార్ ఈ బండిల?"

"యాడికి పోతం? నెలాయె బయటికి తియ్యక. పెట్రోలుకు చీటీలు పెట్టినంక మోటార్లన్నీ షెడ్లల్లనే ఉన్నయి."

"మరి మూత కాలుతున్నది."

గుండప్ప నవ్వాడు. "మీరొస్తరని జర వేడి చేసిపెట్టినం."

"అదే చెయ్యొద్దు సార్. సల్లటి ఇంజను ఎట్ల లేస్తదో చూస్తేనే బండి సంగతి తెలుస్తది. ఉడుకుగున్నప్పుడు అన్ని బండ్లూ మంచియే."

ఆ మాట అతను గొడవకు అనలేదు. మరీ మామూలుగా అన్నాడు. షెడ్డు గోడకు ఆనుకొని కూర్చుని, ఇంజను చల్లబడేదాకా బీడీ కాల్చాడు. గుండప్ప రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. అప్పుడు సామ్యూల్ లేచి, రేడియేటరు మూత గుడ్డతో తిప్పి తీసి, ఒక పుల్ల లోపలికి ముంచి పైకి తీశాడు. పుల్లకు గంజిలాంటిది అంటుకుని వచ్చింది. వేళ్ళతో నలిపి అక్కకు చూపించాడు.

"ఏంది రా అది?" అన్నది ఎస్తేరమ్మ.

"తవుడక్కా. రేడియేటరుకు పొక్కలు పడ్డయి. తవుడు పోస్తే ఉబ్బి పొక్కలు మూసుకుంటయి. రెండు దినాలు నీళ్ళు నిలుస్తయి. మూడోనాడు ఏ చెలకల నడుమనో మొత్తం కారిపోతయి."

తర్వాత లోపల కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు. పావు వంతు తిప్పాడు, ముందు చక్రం కదలలేదు. ఇంకొంచెం తిప్పాడు, అప్పుడు కదిలింది. దిగి తలుపు మూశాడు.

గుండప్ప మొహం ఎర్రబడింది. "ఈ సీట్ల దొరవారు కూసున్నరు తెలుసునా? ఇసొంటి బండి మీ తాలూకాలనే లేదు. మీరొచ్చింది మోటారు కొననీకి, తప్పులు ఎంచనీకి గాదు."

"కోపం చేసుకోకుండ్రి," అన్నది ఎస్తేరమ్మ. "ఒక్క ముచ్చట చెప్పుండ్రి. గ్యాలనుకు ఎన్ని మైళ్ళు పోతది?"

"పన్నెండు," అన్నాడు. కొంచెం ఆగి, "రోడ్డు మంచిగుంటే," అని కలిపాడు.

"సరే. మేము ఆలోచన చేసుకుంటం."

ఆమె గేటువైపు తిరిగింది. సామ్యూల్ ఆమె వెంట నడిచాడు. కురుమూర్తి మాత్రం సీటు దగ్గరే నిలబడ్డాడు. ఎద్దును కొనేముందు సంత మొత్తం మూడుసార్లు తిరిగే మనిషి, దాని కాలు కొంచెం కుంటినట్టు అనిపించినా కొనని మనిషి, ఆ తవుడు కళ్ళారా చూసి కూడా అడిగాడు:

"సామ్యూలూ, రేడియేటరు బాగు చేయించుకోవచ్చు గదా?"

సామ్యూల్ అక్కవైపు చూశాడు. ఎస్తేరమ్మ కురుమూర్తివైపు చూసింది. ఆమెకు ఏదో తట్టింది గానీ, పూర్తిగా తెలియలేదు.

* * *

రెండో బండి నేతగాళ్ళ వీధి చివర, సత్యమ్మ ఇంటి వెనక పాకలో ఉంది. సత్యమ్మకు యాభై ఏళ్ళుంటాయి. ఆమె భర్త భూములు కొలిచే ఇలాఖాలో పనిచేసేవాడు, కిందటేడు జ్వరంతో చనిపోయాడు. ఆ బండిలోనే ఆయన అయిజ దాకా, ఇటు నది దాకా ఊళ్ళన్నీ తిరిగేవాడు.

ఆమె బండి మీద కప్పిన దుప్పటి లాగింది. కింద ఉన్నది చూసి కురుమూర్తి నోరు తెరిచాడు.

"ఇదా?"

ఇంగ్లీషు దేశంలో చేసిన చిన్న మోటారు. ఏడు గుర్రాల బలం. కురుమూర్తి నిలబడితే పైకప్పు ఆయన భుజాలదాకా వస్తుంది. బూడిద రంగు అక్కడక్కడా పెచ్చులూడింది. ముందు ఇద్దరు, వెనక ఒళ్ళు దగ్గరికి చేసుకుంటే ఇద్దరు.

"దీని గుణాలు నేను చెప్ప. మీరే చూసుకుంటరు," అన్నది సత్యమ్మ. "తప్పులు చెప్త, వినుండ్రి. రెండో గేరుల మూలుగుతది. అది ఏడేండ్ల నుంచి మూలుగుతున్నది, దానికి భయపడొద్దు. వానకాలం పొద్దుగాల మొండికేస్తది. ప్లగ్గుల వైర్లు పొడిగుడ్డతోని తుడిస్తే లేస్తది. ఎడమ దిక్కు వెనక స్ప్రింగు పట్టీ విరిగితే రాయచూరుల కొత్తది ఏయించినం. బ్రేకును మాత్రం నమ్ముకోకుండ్రి. దిగుడు కనపడంగనే గేరు తగ్గించాలె. ఆయన గట్లనే నడిపిండు. ఒక్కనాడు యాడా తాకియ్యలె."

సామ్యూల్ మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. అమ్మేవాళ్ళు తప్పులు చెప్పడం బొంబాయిలో కూడా అతను వినలేదు.

ఇంజను మూత మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. హ్యాండిలు పెట్టి తిప్పాడు. ఒకటి, రెండు, మూడో తిప్పుకు ఇంజను లేచింది. మొదట కొంచెం దగ్గి, తర్వాత కుట్టుమిషనులా సమంగా ఆడింది. వెనక్కి పోయి పొగ చూశాడు. నీలం పొగ లేదు. రేడియేటరులో పుల్ల ముంచాడు, నీళ్ళు తేటగా ఉన్నాయి. బండి కిందికి దూరి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక వెనక కొస పట్టుకుని ఒక్కడే ఎత్తాడు. చక్రం నేలనుంచి జానెడు లేచింది.

"చూసినవా అక్కా? వాగులల్ల ఇసుకల దిగబడితే నలుగురు రైతులు లేపి గట్టున పెడ్తరు. ఆ పెద్దదాన్ని లేపాలంటే నాలుగు జతల ఎడ్లు కావాలె."

కోట చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వచ్చాడు. ఎత్తు మీద ఆగలేదు. రెండో గేరు సత్యమ్మ చెప్పినట్టే మూలిగింది.

"గ్యాలనుకు?" అన్నది ఎస్తేరమ్మ.

"నలభై," అన్నది సత్యమ్మ. "ఆయన కొలతల మనిషి. నలభైకి తక్కువ ఎన్నడూ ఇయ్యలె."

"అక్కా, ఇదే," అన్నాడు సామ్యూల్.

"ఇది గాదు," అన్నాడు కురుమూర్తి.

గొంతు పెద్దది చెయ్యలేదు. సామ్యూల్ ఇంజను ఆపేశాడు.

"ఎందుకన్నా?" అన్నది ఎస్తేరమ్మ.

"దీంట్ల ఆడమనిషిని ఎట్ల పండబెడ్తవు? మేకపిల్లను పండబెట్టే జాగ గూడ లేదు."

"పండబెట్టే పని లేదు. నొప్పులొచ్చిన మనిషిని గుంతల దారిల తొమ్మిది మైళ్ళు ఎందుకు కుదిపేది? సంచి పట్టుకొని నేనే పోత. కబురు అందిన అర్ధగంటకు వాళ్ళ వాకిట్ల ఉంట."

కురుమూర్తి తల అడ్డంగా ఊపాడు.

"విను," అన్నది ఆమె. "కచేరిల నెలకు ఆరు గ్యాలన్ల చీటీలు ఇస్తమన్నరు. అంతకంటె ఒక్క చుక్క దొరకదు. పెద్ద బండికి పన్నెండు మైళ్ళ లెక్కన డెబ్బై రెండు మైళ్ళు. మీ ఊరికి పోయిరానీకి పద్దెనిమిది. అంటే నాలుగుసార్లు. మనిషిని తెచ్చినంక మళ్ళ ఇంటికాడ దించాలె గదా? అంటే నెలకు ఇద్దరు. ఈ చిన్నది రెండువందల నలభై మైళ్ళు పోతది. పదముగ్గురి దగ్గరికి పోత నేను. ఇద్దరా, పదముగ్గురా? నువ్వే చెప్పు."

కురుమూర్తి వేళ్ళు మడిచి లెక్క వేసుకోలేదు. నేలవైపు చూస్తూ విన్నాడు.

"లెక్క నాకు సమజయ్యింది," అన్నాడు.

"మరి?"

"పెద్దదే కావాలె."

అప్పుడు ఎస్తేరమ్మకు ఇందాక తట్టినది పూర్తిగా తెలిసింది. బాలనాగమ్మ పెద్దదినం నాడు పలకరించడానికి పెద్దమందడి పోయినప్పుడు, ఆమెను పందిరి బయట రాయి మీద కూర్చోబెట్టారు. ఆమె అలవాటుగానే కూర్చుంది. వచ్చేసింది. దాని గురించి మళ్ళీ ఆలోచించలేదు. ఇప్పుడు ఆ రాయి గుర్తుకు వచ్చింది.

"అన్నా, ఒక్కటి అడుగుత. పైసలిచ్చేటప్పుడు ఏడూర్లోళ్ళు ఏమన్న షరతు పెట్టిన్రా?"

సత్యమ్మ లేచింది. "మజ్జిగ తెస్త," అని ఇంట్లోకి పోయింది. సామ్యూల్ చేతులు తుడుచుకుంటున్న గుడ్డ అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"పెట్టిన్రు," అన్నాడు కురుమూర్తి.

"ఏమని?"

"ఆడోళ్ళను దవాఖానకు తోల్కపోవాలె. మంత్రసాని మాత్రం ఎవరి గడప లోపటికీ రావొద్దు. వాడల పుట్టిన మనిషి గదా అని..."

"ఆ మాట మొదలు అన్నదెవరు?"

కురుమూర్తి తల ఎత్తాడు. అబద్ధం చెప్పడానికి అది మంచి అదను. ఏడూళ్ళలో ఏ పేరు చెప్పినా సరిపోయేది.

"నేనే," అన్నాడు.

సామ్యూల్ గుడ్డ నేలకేసి కొట్టి ముందుకు ఒక అడుగు వేశాడు. ఎస్తేరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగురా." ఆమె గొంతు మారలేదు. "కురుమూర్తన్నా, మీ ఊర్ల పదహారు మందిని ఈ చేతులతోనే బయటికి తీసిన. కొట్టంల తీసిన, కళ్లంల తీసిన, ఒకసారి వానల బండి కింద తీసిన. నన్ను లోపటికి రానియ్యకపోతిరి. నేను తీసిన పిల్లలను మాత్రం ఇంట్లకు ఎత్తుకపోతిరి. నేనేమన్న అన్ననా? అనలె. పిల్ల ఏడిస్తే చాలనుకున్న. గని ఇప్పుడు అంటున్న. ఆ షరతు మీద ఇచ్చిన పైసలతోని పెద్ద బండి గాదు, చిన్న బండి గాదు, ఒక్క సైకిలు గూడ తీసుకోను. సంచి నీ నడుముకే ఉండనీ. వాపసు తీస్కపో. నేను నడిచే వస్త, ఇన్నేండ్లు వచ్చినట్ల."

ఆమె దవాఖాన సంచి భుజానికి తగిలించుకుంది. నిజంగానే పోతుందని కురుమూర్తికి తెలిసింది.

"నా బిడ్డ బండి ఆలస్యమై సచ్చిపోలె," అన్నాడు.

ఎస్తేరమ్మ ఆగింది.

"అందరికీ గట్లనే చెప్పిన. దారి పాడుబడ్డది, ఎడ్లు నడవలేదు అని. అది గాదు. తెల్లవారంగ నొప్పులు మొదలైనయి. ఊరి ముసలామె చూసి, 'బిడ్డ అడ్డం తిరిగింది, ఎస్తేరమ్మను పిలిపియ్యి' అన్నది. నేను పిలిపియ్యలె. గొడ్లు మేతకు పోయేదాక అరుగు మీద కూసున్న. ఆమె లోపటింట్లకు రావాల్సొస్తది, రేపు నలుగురు ఏమంటరు అని కూసున్న. లోపట పిల్ల ఒర్లుతుంటే బయట అదే ఆలోచన చేసుకుంట కూసున్న." ఆయన కండువా నోటికి అడ్డం పెట్టుకుని తీశాడు. "ఆఖరికి మనసొప్పక సాయన్నను పంపిన. మా జీతగాడు. పట్వారి సైకిలు అడిగిచ్చి పంపిన. పొద్దు నెత్తి మీదికొచ్చినంక వచ్చిండు. నువ్వు లేవన్నడు. ఘనపురం దిక్కు పోయినవన్నడు. దవాఖానల ఇంకెవరన్న ఉంటరేమోనని అప్పుడు బండి కట్టినం."

ఎస్తేరమ్మ సంచి నేలమీద పెట్టింది.

"మళ్ళ చెప్పు. సాయన్న ఏమన్నడు?"

"నువ్వు లేవని. మేము మాపటికి వచ్చేసరికి నువ్వు దవాఖానల ఉంటివి. అప్పుడే తిరిగొచ్చినవనుకున్న."

"ఆనాడు నేను యాడికీ పోలె. పొద్దుగాల్నుంచి మాపటిదాక దవాఖాన గుమ్మంల కూసొని పత్తి చుట్టలు చుడుతున్న. పెద్దమందడి నుంచి ఒక్క మనిషి రాలె."

కురుమూర్తి ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఎప్పుడూ అబద్ధం చెప్పదని ఆయనకు తెలుసు. సాయన్న కూడా చెప్పడు. పదేళ్ళుగా ఇంట్లో తిని ఇంట్లో పడుకునే మనిషి. రెండు మాటల్లో ఒకటే నిజం కావాలి. ఏది కాదో ఆయనకు అర్థం కాలేదు.

"ఆ సంగతి ఊరికి పోయినంక అడుగుత," అన్నాడు చివరికి. "ముందు ఇది కానీ."

నడుముకున్న సంచి ముడి విప్పడం మొదలుపెట్టాడు. ముడి బిగిసి ఊడలేదు. సామ్యూల్ ముందుకు వచ్చి ముడి విప్పాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సత్యమ్మ మజ్జిగ చెంబుతో వచ్చేసరికి కురుమూర్తి సంచి అరుగు మీద పెట్టాడు.

"తల్లీ, ఈ చిన్న బండే తీసుకుంటం." తర్వాత ఎస్తేరమ్మవైపు తిరిగాడు. "షరతు నేను పెట్టిన, నేనే తీసేస్త. కడమ ఆరూర్లోళ్ళు పైసలు వాపసు అడిగితే నా చెలక ఉన్నది, అమ్మి ఇస్త. ఈ బండి మొట్టమొదలు ఆగేది మా ఇంటి ముంగటనే. నువ్వు గడప దాటి లోపటింట్లకు రావాలె. ఇంట్ల మా కోడలు పుష్పమ్మకు ఆరో నెల. చూడాలె."

"వస్త," అన్నది ఎస్తేరమ్మ. సత్యమ్మ ఇచ్చిన మజ్జిగ ముందు కురుమూర్తికి అందించింది. ఆయన ఆ చెంబు ఆమె చేతిలోనుంచి తీసుకుని, ఎత్తి తాగాడు.

* * *

మరునాడు తెల్లవారుజామునే బయలుదేరారు. బీచుపల్లి రేవుదాకా పదహారు మైళ్ళు. సామ్యూల్ నడిపాడు. పక్కన ఎస్తేరమ్మ. వెనక కురుమూర్తి, మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్టు ముడుచుకుని కూర్చున్నాడు. దారిలో రెండు వాగులు ఇసుక మేటలతో అడ్డం వచ్చాయి. మొదటిదాంట్లో బండి ఆగలేదు. రెండోదాంట్లో దిగబడింది. మేకల కాపరులు ఇద్దరు వచ్చి చెయ్యి వేస్తే, బీడీ కాలేంత సేపట్లో గట్టెక్కింది. దిగుడు వచ్చినప్పుడల్లా సామ్యూల్ ముందే గేరు తగ్గించాడు. అలా తగ్గించినప్పుడల్లా రెండో గేరు మూలిగింది.

"మంచిగనే పోతున్నది," అన్నాడు కురుమూర్తి ఒకసారి, అడగకుండానే.

రేవులో నీళ్ళు ఎర్రబడ్డాయి. పైన ఎక్కడో వాన పడింది. రెండు పడవలు జోడించి పలకలు పరిచిన బల్లకట్టు ఒడ్డున ఊగుతున్నది. పడవవాడు మోటారు చుట్టూ తిరిగి చూశాడు.

"ఈ బండైతే ఎక్కించుకుంట. పెద్ద మోటారైతే ఈ నీళ్ళల్ల ఎక్కించుకోను. ఎల్లుండినుంచి బంద్."

చక్రాల కింద రాళ్ళు పెట్టి, తాళ్ళతో కట్టారు. బల్లకట్టు నీళ్ళలోకి కదిలింది. నడినదిలో ప్రవాహం దాన్ని కొంచెం పక్కకు తోసింది. పడవవాళ్ళు గడలు వేసి మళ్ళీ దారిలో పెట్టారు. ఎస్తేరమ్మ చెయ్యి మోటారు మీద ఆనించి నిలబడింది. చల్లని గాలి మొహానికి కొడుతుంటే ఆమెకు చాలాకాలం తర్వాత మనసు తేలికయ్యింది. పదమూడు కాన్పులు. వానకాలంలో పది అనుకున్నా పరవాలేదు. ఏ ఊళ్ళకు ముందు పోవాలో, ఎవరెవరికి నెలలు నిండుతున్నాయో మనసులో వరసపెట్టుకుంది.

కురుమూర్తి మాత్రం అవతలి ఒడ్డునే చూస్తున్నాడు. అక్కడ ఒక ఎడ్లబండి విప్పి ఉంది. మోటారు ఎక్కడైనా ఆగిపోతే లాగడానికని ఆయనే రమ్మని చెప్పి వచ్చిన బండి. ఎడ్ల దగ్గర సాయన్న నిలబడ్డాడు. బండి నీడలో, చెంగు నెత్తిమీదికి లాక్కుని ఒక ఆడమనిషి కూర్చుని ఉంది.

"నర్సమ్మ గదా?" అన్నాడు కురుమూర్తి ఆశ్చర్యంగా. ఆయన భార్య. బిడ్డ పోయినప్పటినుంచి ఇల్లు దాటని మనిషి. ఆమెను రమ్మని ఎవరూ చెప్పలేదు.

బల్లకట్టు ఒడ్డుకు పూర్తిగా తగలకముందే కురుమూర్తి మోకాలిలోతు నీళ్ళలోకి దూకాడు. తిన్నగా పోయి సాయన్న అంగీ పట్టుకున్నాడు.

"ఆనాడు వనపర్తి పోయినవా లేదా? నిజం చెప్పు. ఎస్తేరమ్మ దవాఖానలనే ఉన్నదట. నువ్వు చూసినవా?"

సాయన్న కళ్ళు నర్సమ్మవైపు తిరిగాయి.

నర్సమ్మ లేచి వచ్చి ఇద్దరి నడుమ నిలబడింది. మొగుడి చెయ్యి సాయన్న అంగీ మీదినుంచి తీసేసింది.

"వాన్ని ఏమనకు. వాడు వనపర్తి పోనే లేదు. ఊరి బయట నేనే ఎదురుపోయి ఆపిన. ఎస్తేరమ్మ లేదని చెప్పమన్నది నేనే."

"నువ్వా?" అన్నాడు కురుమూర్తి. "నా లెక్కనే నువ్వు గూడ... గడప గురించే ఆపినవా?"

"గడప నీకు. నాకు గాదు." నర్సమ్మ మొగుడి భుజం మీదుగా బల్లకట్టువైపు చూసింది. సామ్యూల్ మోటారును పలకల మీదుగా మెల్లగా ఒడ్డుకు దించుతున్నాడు. దాని పక్కనే ఎస్తేరమ్మ నడుస్తున్నది. "పిల్లే ఆపమన్నది. నా చేతుల చెయ్యి ఏసి ఒట్టు పెట్టిచ్చుకున్నది. 'సచ్చినా సరే అమ్మా, ఎస్తేరమ్మను పిలవకు' అన్నది."

ఎస్తేరమ్మ నిలబడిపోయింది. ఆమెకు బాలనాగమ్మ ముఖపరిచయం కూడా లేదు. ప్రాణంతో ఉన్న ఆ పిల్లను ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

"ఎందుకే?" అన్నాడు కురుమూర్తి. "ఆమె ఏం చేసింది పిల్లకు?"

నర్సమ్మ తడి ఇసుకలో నడిచి మోటారు దగ్గరికి పోయింది. పుట్టి బుద్ధెరిగి మోటారు ముట్టని మనిషి, తలుపు పిడి ఎటు తిప్పాలో తెలియక రెండుసార్లు లాగింది. సామ్యూల్ లోపలినుంచి తెరిచాడు. ఆమె వెనక సీట్లోకి ఒంగి ఎక్కి, పక్కన ఖాళీ చేసి, ఎస్తేరమ్మవైపు చెయ్యి చాపింది.

"ఎక్కు. ఎందుకన్నదో నీకొక్కదానికే చెప్పమన్నది. రెండు నెలలాయె, నీ దాక వచ్చే తొవ్వ దొరకలె." తర్వాత మొగుడివైపు ఒక్కసారి చూసింది. "నువ్వు ఎడ్లబండిల రా."